మైదానం పక్కన సన్మానం

ఆ రోజు సిడ్నీలో సూర్యుడు అస్తమించింది సాయంత్రం 5 గంటల 4 నిమిషాలకు. ఫ్లడ్‌లైట్లు వేసింది 5:10కి. మైదానం పొడవు వంద మీటర్లు, వెడల్పు అరవై నాలుగు. స్తంభాలు నాలుగు, ఒక్కొక్కటి ఇరవై అయిదు మీటర్ల ఎత్తు. వెలుతురు కొలవవలసిన బిందువులు డెబ్బై ఏడు. వాటిలో అరవై ఎనిమిదవదాని దగ్గర నేను లైట్ మీటరు మీదికి వంగి ఉన్నప్పుడు, నాకు ఎనభై ఆరు మీటర్ల దూరంలో, క్లబ్బు క్యాంటీన్ ముందున్న గచ్చు మీద, మా తెలుగు సంఘం వాళ్ళు ఒక ఫ్లెక్సీ విప్పారు. అంత దూరం నుంచి అక్షరాలు కనబడవు. రంగులు మాత్రం తెలిశాయి: పసుపు, ఎరుపు. రీడింగు రాసుకుని అరవై తొమ్మిదో బిందువుకి జరిగాను.

నా ఉద్యోగం క్రీడామైదానాల దీపాలు అమర్చినచోట వెలుతురు సరిపోతుందో లేదో కొలిచి చెప్పడం. మా ఇల్లు ఎడ్మండ్‌సన్ పార్క్‌లో. ఆ మైదానం మా ఇంటికి ఆరువందల నలభై మీటర్లు. ఆ ఏడాది మా నగరంలో అంతర్జాతీయ మహిళల ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. ఆటలు పెద్ద స్టేడియంలో; సాధనకు మాత్రం చుట్టుపక్కల పేటల్లోని చిన్న మైదానాలు కేటాయించారు. మా పేట మైదానం ఒక దేశపు జట్టుకు వచ్చింది. ఆ దేశం పేరు రాయను. రాయవద్దని అడిగిన మనిషి గురించే ఇదంతా.

ఇలాంటి కొలతలకు సాధారణంగా మా సీనియర్ ఇంజినీరు వెళ్తాడు. ఆ దేశపు ఫుట్‌బాల్ సమాఖ్య ఒక షరతు పెట్టింది. తమ క్రీడాకారిణులు వచ్చి వెళ్ళేదాకా మైదానం గీత లోపల మగవాళ్ళెవరూ ఉండకూడదు. మా ఆఫీసులో ఆ మీటరు వాడే ఆడమనిషిని నేనొక్కదాన్నే. కనుక ఆ సాయంత్రం నేను అక్కడ ఉండటానికి కారణం పదకొండువేల కిలోమీటర్ల అవతల ఎవరో చేసిన ఒక నిబంధన.

మా క్లబ్బులో పన్నెండేళ్ళలోపు అమ్మాయిల జట్టుకు కోచ్ ఆ దేశంవాడే. అప్పటికి అతనికి ముప్ఫై నాలుగేళ్ళు. వారమంతా టైల్స్ గోదాములో పని, మంగళ గురువారాలు సాయంత్రం జీతం లేకుండా మా పిల్లలతో. జట్టులో పద్నాలుగు మంది. అందులో మా అమ్మాయితో కలిపి తొమ్మిదిమంది తెలుగు పిల్లలు. గీత బయట నిలబడి తల్లులు అరిచే అరుపులు విని విని అతనికి నాలుగైదు తెలుగు మాటలు పట్టుబడ్డాయి. "పద పద పద! చూస్కో! వదిలెయ్, వదిలెయ్!" అని అతను కేకలు వేస్తుంటే ఎదుటి జట్టు తల్లిదండ్రులు అదేదో వాళ్ళ దేశపు వ్యూహం అనుకునేవారు. మా వీధి కుర్రాళ్ళు నన్ను పిలిచే పిలుపు విని అతను కూడా నన్ను "అక్కా" అనేవాడు. ఆ ఒక్క మాట తప్ప మిగతాదంతా ఇంగ్లీషే. అతని మాటలు ఇక్కడ నేను తెలుగులో రాస్తున్నాను.

అతను ఒకప్పుడు తన దేశపు పురుషుల జట్టులో ఎడమవైపు డిఫెండరు. మా పెరట్లో, బార్బెక్యూ పొగ మధ్య, ఆ సంగతి ఒకసారి చెప్పాడు. అక్కడ పెద్ద ఆటలకు ముందు పాలకుడి బొమ్మ ఉన్న బ్యానరును జట్టంతా కలిసి మోసుకురావాలి. ఒకసారి కాలు పట్టేసిందని చెప్పి వెనక్కి తగ్గాడు. అదే కారణం రెండోసారి చెల్లదు. ఆ నెలలోనే అతనితో చదువుకున్న వాడొకడు ఊరేగింపులో తుపాకి గుండుకు చనిపోయాడు. తర్వాతి ఆటలో జాతీయగీతం వస్తున్నప్పుడు ఇతను పెదవులు కదపలేదు. వరసగా ముఖాలు చూపిస్తున్న కెమెరా ఇతని దగ్గరికి వచ్చి ఆగింది.

"ఎంతసేపు?" అని అడిగాను.

"నువ్వు ఇదే అడుగుతావని తెలుసక్కా," అని నవ్వాడు. "తర్వాత వీడియోలో చూసుకున్నాను. నాలుగు సెకన్లు."

మరుసటి విదేశీ పర్యటనలో అతను జట్టు బస్సు ఎక్కలేదు. అది జరిగి ఎనిమిదేళ్ళయింది.

ఇక్కడ ఒక పద్ధతి చెప్పాలి. మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఆ దేశంలో జాతీయ జట్టు బయటికి వెళ్ళే ముందు ఒక్కొక్క ఆటగాడి కుటుంబం ఒక ఆస్తి దస్తావేజును సమాఖ్య దగ్గర ఉంచాలి. ఆటగాడు తిరిగొస్తే దస్తావేజు తిరిగొస్తుంది. ఇతను తిరిగి వెళ్ళనందుకు వాళ్ళ నాన్న నడిపే దుకాణం పోయింది. ఆయన ఆ తర్వాత రెండేళ్ళే బతికారు. ఇతని చెల్లెలు, ఇతని కంటే తొమ్మిదేళ్ళు చిన్నది, మహిళల జట్టులో ముందు వరసలో ఆడుతుంది. అన్న పారిపోయిన కుటుంబం కనుక ఆమె బయటికి రావడానికి ఒక దస్తావేజు చాలదన్నారు. వాళ్ళ అమ్మ ఉంటున్న ఫ్లాటు, మేనమామ ఇల్లు, రెండూ పెట్టించుకున్నారు. అన్నను కలవకూడదని, ఫోనులో కూడా మాట్లాడకూడదని ఆమె చేత సంతకం తీసుకున్నారు.

ఆ జట్టు వస్తున్నది మా మైదానానికే అని తెలిసిన రోజు అతను మా ఇంటికి వచ్చాడు. కుర్చీలో కూర్చోలేదు.

"అక్కా, నువ్వు ఆ రోజు దీపాలు చూడటానికి లోపల ఉంటావు కదా. స్విచ్‌బోర్డు గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

"నా దగ్గరే."

"ఆ గది ఆడవాళ్ళ బాత్‌రూముల పక్కదే కదా."

మిగతాది అతను చెప్పనవసరం లేకపోయింది. నేను సరే అన్నాను. మా ఆయనకు చెప్పాను, ఎందుకంటే మా ఇంట్లో అలా చెప్పకుండా ఉండే అలవాటు లేదు.

జట్టు సిడ్నీలో దిగిన మూడో రోజు వాళ్ళ దేశం మీద బాంబులు పడటం మొదలైంది. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నవి నేను తీర్పు చెప్పగల విషయాలు కావు. కోచ్ ఫోను అరచేతిలో పెట్టుకుని గోదాములో పని చేశాడు. పోటీల నుంచి జట్టు తప్పుకుంటుందేమో అని ఇక్కడి వార్తల్లో అనుకున్నారు. తప్పుకోలేదు. ఆడటమే శత్రువుకు తమ జవాబని వాళ్ళ సమాఖ్య ప్రకటించింది. జాతీయగీతం అయ్యాక పదకొండుమందీ సైనికుల్లా చెయ్యి నుదుటికి ఆనించి వందనం చెయ్యాలని ఆదేశం కూడా వచ్చింది. చేస్తే ఇక్కడి ప్రవాసులు పాలకుడి మనుషులంటారు, చెయ్యకపోతే అక్కడ ద్రోహులంటారు. ఆ అమ్మాయిల్లో అతి చిన్నదానికి పంతొమ్మిదేళ్ళు.

మొదటి ఆటకు రెండు రోజుల ముందు, ఆ సాయంత్రం. నాలుగు నుంచి అయిదు వరకు వాళ్ళు మా పిల్లలతో ఆడతారు. దీన్ని స్నేహ కార్యక్రమం అన్నారు. అయిదు నుంచి ఆరు వరకు, నేను కొలిచేసేదాకా, టీ. ఆ తర్వాత దీపాల కింద సాధన. టీ, వడలు మా తెలుగు సంఘం వంతు. గీత లోపల జట్టుతోపాటు సమాఖ్య పంపిన ఒక సమన్వయకర్త ఉంది. ఏభై ఏళ్ళ స్త్రీ, పొందికగా మాట్లాడుతుంది. ఎవరు నీళ్ళకు వెళ్ళినా తల తిప్పి చూస్తుంది. గీత బయట కెమెరాతో ఒక మగమనిషి.

4:40కి చెల్లెలు బాత్‌రూము వైపు వచ్చింది. నేను స్విచ్‌బోర్డు గది తలుపు దగ్గర టైమరు సరిచేస్తున్నాను. అతను అప్పటికే లోపల ఉన్నాడు. ఆమె లోపలికి వెళ్ళింది, నేను తలుపు దగ్గరగా వేసి బయట నిలబడ్డాను. గది వెడల్పు రెండు మీటర్లు కూడా ఉండదు. ఏ చప్పుడైనా బయటికి వినబడుతుంది. చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత చిన్న దెబ్బ, అరచేత్తో కొట్టినట్టు. తర్వాత ఇద్దరి నవ్వు. బయటికి వస్తూ ఆమె నాతో ఇంగ్లీషులో, "లావైపోయాడు. మీరంతా ఏం తినిపిస్తున్నారు?" అంది.

తర్వాత అతను చెప్పాడు: ఆమె అతని నెత్తి మీద ఒకటి ఇచ్చింది. అతను వంగి ఆమె ఆపరేషనైన మోకాలు నొక్కి చూశాడు. వందనం సంగతి అడిగాడు. "ఎత్తమంటే ఎత్తుతాను. చెయ్యే కదా," అంది. అంతకు మించి మాట్లాడుకోలేదు.

ఆ కలయిక ఎవరి కంటా పడలేదు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది. అక్కడితో ఆగిపోయి ఉంటే నాకు రాయడానికి ఏమీ ఉండేది కాదు.

మా తెలుగు సంఘం అధ్యక్షుడు కరీంనగర్ ప్రాంతం వారు, అరవై దాటిన మనిషి. ఈ పేటలో కొత్తగా దిగిన ఎవరికైనా మొదటి వారం ఇంటికి బియ్యం పంపేది ఆయనే. పేటకు వచ్చిన ఎవరినీ ఆయన శాలువా లేకుండా వెళ్ళనివ్వరు. కౌన్సిల్ నుంచి చెత్తడబ్బాల గురించి చెప్పడానికి వచ్చిన అధికారికి కూడా శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, ఫొటో తీసి పంపారు. మా ఆయన మూడు రోజుల ముందు టీ కెటిళ్ళ కోసం వాళ్ళింటికి వెళ్ళి, మాటల్లో, "ఒక్క విషయం అంకుల్, ఎవరికీ చెప్పకండి. మన కోచ్ వాళ్ళ చెల్లెలు ఆ టీమ్‌లోనే ఉంది. పాపం ఎనిమిదేళ్ళయింది వాళ్ళు కలిసి," అన్నాడు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. మాట కూడా నిలబెట్టుకున్నారు. కార్యవర్గం ఏడుగురికి, ఫ్లెక్సీ అచ్చువేసే అతనికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

నేను డెబ్బై ఏడో బిందువు ముగించి, మీటరు పెట్టెలో పెట్టి గచ్చు దగ్గరికి వచ్చేసరికి అంతా అయిపోవచ్చింది. క్యాంటీన్ లోపల వెనక నిలబడి ఉన్న కోచ్‌ను ఆయన స్వయంగా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చారట. "రా తమ్మీ, గింత సిగ్గేంది? గిది నీ ఇల్లే అనుకో!" పిల్లలకు ఆట నేర్పుతున్నందుకు తనకేదో ధన్యవాదాలు చెబుతున్నారని అతను అనుకున్నాడు. ఎదురుగా సమన్వయకర్తకు మా సంఘంలోని ఇంకొకావిడ నమస్కారం పెట్టి చెల్లెలిని పక్కకు తెచ్చి నిలబెట్టింది. అప్పుడు వెనక ఫ్లెక్సీ విప్పారు. పైన వరసగా మా కార్యవర్గం ఫొటోలు. కింద ఒక వైపు అతని బొమ్మ, ఒక వైపు ఆమె బొమ్మ. మధ్యలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పెద్ద అక్షరాలతో, 'అన్నాచెల్లెళ్ళ అపూర్వ కలయిక.'

నేను చూసింది చివరి భాగం. ఇద్దరి భుజాల మీద ఒకే రకం శాలువాలు. చేతుల్లో గాజు జ్ఞాపికలు. అందరూ చప్పట్లు కొడుతున్నారు. సమన్వయకర్త కూడా చిరునవ్వుతో చప్పట్లు కొట్టింది, తర్వాత ఫోను తీసి రెండు ఫొటోలు తీసుకుంది. చెల్లెలు అతని వైపు చూడలేదు. మా వాళ్ళు పెట్టినట్టే రెండు చేతులూ జోడించి అందరికీ నమస్కారం పెట్టింది.

నేను మా ఆయన పక్కకు వెళ్ళాను. అతను ఫోను చూస్తున్నాడు.

"నేను చెప్పొద్దనే చెప్పాను," అన్నాడు.

"తెలుసు."

"ఫేస్‌బుక్‌లో పెట్టేశారు. ఇప్పుడే."

అధ్యక్షుడి దగ్గరికి వెళ్ళి తీసెయ్యమని అడగటానికి అతనికి కొంచెం సమయం పట్టింది, ఎందుకంటే ఆయన చుట్టూ జనం ఫొటోలు దిగుతున్నారు. అడిగాక ఆయనకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోను మా ఆయన చేతిలో పెట్టేశారు. పెట్టినది 5:58కి, తీసేసినది 7:20కి. ఈ మధ్యలో అది మా ఊరి గ్రూపుల్లోంచి మెల్‌బోర్న్‌లో క్లేటన్ విద్యార్థుల గ్రూపుకు, అక్కడ చదువుకునే ఆ దేశపు విద్యార్థులకు, వాళ్ళ నుంచి ప్రవాసులు నడిపే ఒక చానెలుకు వెళ్ళింది. ఆ చానెలు వాళ్ళు పాలకుడికి వ్యతిరేకులు. సంతోషంతోనే వేశారు: నిరంకుశత్వం విడదీసిన అన్నను చెల్లెలు ఆంక్షలు ధిక్కరించి కలుసుకుంది అని. మరునాటి పొద్దున ప్రభుత్వ టీవీ అదే ఫొటో వేసింది. బాంబులు పడుతున్న వేళ ద్రోహి పక్కన సత్కారం పొందుతున్న క్రీడాకారిణి అని. ఫొటో ఒకటే. రెండు వైపుల వాళ్ళకూ పనికొచ్చింది.

మొదటి ఆటకు ఆమె పేరు జాబితాలో లేదు. మోకాలి గాయం అన్నారు. మేము మా ఇంట్లో టీవీలో చూశాం. కోచ్ సోఫా అంచున కూర్చున్నాడు. గీతం అయింది, పదకొండు చేతులు లేచాయి. ప్రేక్షకుల్లో సగంమంది గోల చేశారు. అతను టీవీ శబ్దం తగ్గించేశాడు.

"వై ఆర్ దే డూయింగ్ దట్?" అంది మా అమ్మాయి.

"చెయ్యమన్నారు కాబట్టి," అన్నాను.

"బట్ దే లుక్ సో స్కేర్డ్."

అతను దాని తల నిమిరి, "చూస్కో," అన్నాడు, ఆట మొదలవుతోందన్నట్టు. ఆ రాత్రి వాళ్ళు మూడు గోల్స్ తేడాతో ఓడిపోయారు.

బ్లాక్‌టౌన్‌లో మాకు తెలిసిన వలస న్యాయవాది ఒకామె ఉంది. ఆమె చెప్పింది చాలా సరళంగా ఉంది. చెల్లెలు ఇక్కడ ఉండిపోదలిస్తే యూనిఫారంలో ఉన్న ఏ అధికారితోనైనా 'నాకు ఇక్కడ రక్షణ కావాలి' అని ఒక్క వాక్యం చెబితే చాలు, హోటల్లోనైనా, విమానాశ్రయంలోనైనా. దేశంలో యుద్ధం, ఆ ఫొటో, ఇవి చూస్తే తిరస్కరించే అవకాశం తక్కువ. ఆమెను బలవంతంగా విమానం ఎక్కించే హక్కు ఎవరికీ లేదు. కోచ్ అదంతా విని, తల ఊపి, ఆ వాక్యాన్ని తన భాషలో ఒక కాగితం మీద రాసుకున్నాడు.

మూడో ఆట ముగిసి, జట్టు వెనక్కి వెళ్ళడానికి ముందురోజు మధ్యాహ్నం, నా ఫోను మోగింది. చేసింది చెల్లెలు. అతని నంబరుకు చెయ్యడం ప్రమాదం కనుక స్విచ్‌బోర్డు గదిలో నా నంబరు ఆమెకు ఇచ్చాడని అప్పుడు తెలిసింది. గోదాము నుంచి అతన్ని పిలిపించాను. అరగంట తర్వాత ఆమె మళ్ళీ చేసింది, ఇంకొక అమ్మాయి ఫోను నుంచి. అతను మా వంటింట్లో సింకు దగ్గర నిలబడి మాట్లాడాడు. నాకు ఆ భాష రాదు. నేను విన్నది గొంతులు మాత్రమే, అవి కూడా పెద్దగా లేవలేదు. జేబులోంచి కాగితం తీశాడు, చూశాడు, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఫోను నా చేతికిచ్చాక అడక్కుండానే చెప్పాడు.

"మా మావయ్యను తీసుకెళ్ళారక్కా. నాలుగు రోజులైంది. ఆమె వచ్చేదాకా ఆయన అక్కడే ఉంటాడట."

నేను ఫోను బల్ల మీద పెట్టాను.

"ఉండిపో అని చెబుదామనుకున్నాను. ఆమె నన్ను ఒకటే అడిగింది. ఆ రోజు బస్సు ఎక్కనప్పుడు నాన్న దుకాణం గుర్తుకు రాలేదా అని. వచ్చింది అన్నాను. అయినా ఉండిపోయావు అంది. అవును అన్నాను. నేను ఉండలేను అంది." సింకు వైపు తిరిగి, "కోపంగా అనలేదు," అన్నాడు.

మా ఆయన టీ పెట్టాడు. ఎవరూ తాగలేదు.

ఆ సాయంత్రమే అధ్యక్షుడు అంకుల్ వచ్చారు. కోచ్ ఇంకా మా ఇంట్లోనే ఉన్నాడు. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి అతని ముందు నిలబడి చేతులు జోడించారు. తర్వాత నా వైపు తిరిగారు.

"గిట్లయితదని ఎవలకెరుక బిడ్డా? మంచిగనే చేసినమనుకున్న. మా ఊర్లె అన్న చెల్లె కలిసిండ్రంటే పదిమందికి చెప్పుకుంటం. దాస్తరా ఎవలన్న?"

"తెలుసు అంకుల్."

"నేనొకటి అనుకున్న. అన్ని సంఘాలను పిలిచి ఒక ప్రెస్ మీట్ పెడదామా? ఆ పిల్లను ఏం చెయ్యొద్దని గట్టిగ అడుగుదాం. బ్యానర్..."

"అంకుల్, ప్లీజ్," అన్నాడు మా ఆయన. "ఏమీ పెట్టకండి."

ఆయన ఆగిపోయారు. కోచ్‌కు తెలుగు అర్థం కాకపోయినా ఆ ఆగిపోవడం అర్థమైనట్టుంది. లేచి, జోడించి ఉన్న ఆయన చేతులను కిందికి దించి, కుర్చీ చూపించాడు. ఆయన కూర్చున్నారు.

మరునాడు విమానాశ్రయానికి అతన్ని నేనే తీసుకెళ్ళాను. అతను చూడాలనుకున్నది ఒకటే: దూరం నుంచైనా ఆమె నడుస్తున్నప్పుడు మోకాలు కుంటుతోందో లేదో. బయలుదేరే హాలులో రెండున్నర గంటలు నిలబడ్డాం. జట్టును వేరే ద్వారం గుండా తీసుకెళ్ళారని తర్వాత తెలిసింది. ప్రతి అమ్మాయినీ ఒక మహిళా అధికారి పక్కకు పిలిచి, ఇక్కడ ఉండాలనుకుంటున్నావా అని విడిగా అడిగిందని న్యాయవాది ద్వారా విన్నాం. ఎవరు ఏం జవాబు చెప్పారో బయటికి చెప్పరు. విమానం వెళ్ళాక జట్టులో ఎవరూ తగ్గలేదని వార్తల్లో వచ్చింది. అలా ఆమె జవాబు మాకు తెలిసింది.

వాళ్ళ దేశం మీద ఆకాశ మార్గాలు మూసేసి ఉన్నాయి. పొరుగు దేశంలో దింపి అక్కడి నుంచి బస్సులో తీసుకెళ్ళారు. సరిహద్దు దాటాక ఆమె నుంచి మాట లేదు. రెండో వారంలో ఒక పినతల్లి కూతురి ద్వారా కబురు వచ్చింది. మావయ్య ఇంటికి వచ్చాడు. చెల్లెలిని మూడు రోజులు ప్రశ్నించి పంపించారు, పాస్‌పోర్టు ఉంచేసుకున్నారు. దస్తావేజుల గురించి అడిగితే, ఆమె తిరిగి వచ్చిన మాట నిజమే కాని అన్నను కలవనన్న సంతకాన్ని తప్పింది కనుక విషయం పరిశీలనలో ఉందన్నారు. ఆ తర్వాత నగరంలో ఫోన్లు పనిచెయ్యలేదు. నెల దాటాక ఇంకొక కబురు: అమ్మా, చెల్లెలూ ఉత్తరాన ఒక చిన్న ఊళ్ళో బంధువుల ఇంట్లో ఉన్నారు. ఫ్లాటులో వేరేవాళ్ళు దిగారు.

కోచ్ కొన్ని వారాలు మామూలుగానే వచ్చాడు. మైదానంలో ప్లాస్టిక్ కోన్లు వరసగా పెట్టేవాడు, ఈల వేసేవాడు, పిల్లలకు పాసులు నేర్పేవాడు. తెలుగు మాటలు వాడటం మానేశాడు. ఒక గురువారం ఈల, బంతుల సంచి క్యాంటీన్‌లో అప్పగించి, ఇక రానని క్లబ్బు కార్యదర్శికి చెప్పాడు. కారణం చెప్పలేదు, ఆయనా అడగలేదు. అతను గోదాము మారి నగరానికి అవతలి వైపు వెళ్ళిపోయాడు. నెలకోసారి నాకు ఫోను చేస్తాడు, ఆమె ఎప్పుడైనా నా నంబరుకే చేస్తుందేమో అని. చెయ్యలేదని చెబుతాను. "సరే అక్కా," అంటాడు.

"హీ ఈజ్ నాట్ కమింగ్ బ్యాక్, ఈజ్ హీ?" అని మా అమ్మాయి ఒకసారి అడిగింది.

"రాడు," అన్నాను.

ఇప్పటికి తేలిన లెక్క ఇది. ఆ జట్టు ఈ దేశంలో ఆడినవి మూడు ఆటలు, మూడూ ఓడింది. అందులో ఆమె ఆడిన నిమిషాలు సున్నా. ఇకముందు జాతీయ జట్టులో ఆమెకు చోటు లేదు. వాళ్ళ అమ్మ ఫ్లాటు పోయింది. మావయ్య ఇంటి దస్తావేజు తిరిగి రాలేదు. వాళ్ళు వదిలిపెట్టినప్పటి నుంచి మావయ్యకు కుడి చెవి వినబడదు. అన్నాచెల్లెళ్ళు కలిసి ఉన్నది ఎనిమిదేళ్ళలో ఒకసారి, స్విచ్‌బోర్డు గదిలో, పది నిమిషాల లోపు. ఈ యుద్ధంలో వాళ్ళ వీధిలో చనిపోయినవాళ్ళు అతనికి పేర్లు తెలిసినంతవరకు ఆరుగురు. మా తెలుగు సంఘానికి అధ్యక్షుడు రాజీనామా చేశారు, ఆ స్థానం ఖాళీగా ఉంది. పన్నెండేళ్ళలోపు అమ్మాయిల జట్టుకు వేరే కోచ్ దొరకలేదు. సీజను సగంలో జట్టును తీసేశారు. పద్నాలుగు మందిలో అయిదుగురు వేరే క్లబ్బుల్లో చేరారు. తొమ్మిదిమంది ఆట మానేశారు.